ఒళ్లు దులుపుకోని పొట్టేలు

పోయిన నెల ఒక మధ్యాహ్నం లచ్చమ్మ మమ్మల్ని వెతుక్కుంటూ నల్లగొండ వచ్చింది. ఇప్పుడు మేముండేది ప్రార్థన మందిరం పైఅంతస్తులో. కింద నున్నటి టైల్స్, గోడకు పెద్ద తెర, వేదిక మీద నాలుగైదు మైకులు, గేటు దగ్గర నీలం చొక్కా వేసుకున్న కాపలా మనిషి. అతను ఆమెను ఆపి, ప్రార్థన నూనె కోసమైతే శుక్రవారం రావాలన్నాడట. "నూనె నాకెందుకు నాయినా, పాస్టరమ్మను పిలువు" అని ఆమె గట్టిగానే చెప్పిందట. నేను దిగివచ్చేసరికి చెప్పులు విడిచి చంకలో పెట్టుకుని, ఆ మెరిసే నేల మీద కాలు పెట్టాలా వద్దా అని చూస్తోంది. డెబ్బై దాటిన మనిషి. నడుము కొంచెం వంగింది గానీ నోరు వంగలేదు. మెడలో ఎల్లమ్మ దారం అలాగే ఉంది. పైకి తీసుకొచ్చి కుర్చీ వేస్తే, కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, "ఈరి పోయి యాడాదైతాంది బిడ్డా. యాడాదికి నువ్వూ సారూ రావాలె. గది చెప్పిపోదామనే వచ్చిన" అంది. ఫోన్ చేస్తే సరిపోయేది కదా అన్నాను. "ఫోన్ల పిలిస్తే పిలిచినట్టయితదా" అంది.

ఈరి అంటే ఈరమ్మ, లచ్చమ్మకు తోటికోడలు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నాకు పెళ్లైంది. కట్టంగూర్ నుంచి లోపలికి ఆటోలో పోతే వచ్చే ఒక చిన్న ఊరిలో, రేకుల కప్పు వేసిన గుడిలో, మా ఆయన పాస్టరుగా, నేను పాస్టరమ్మగా కాపురం మొదలుపెట్టాం. నాకు ఇరవై రెండేళ్లు. ఆయనకు ఇరవై ఏడు, వేదాంత పాఠశాల నుంచి అప్పుడే వచ్చారు, ఇస్త్రీ మడత కూడా ఇంకా చెదరలేదు. ఆ ఊరిలో మేం వెళ్లాక బాప్తిస్మం తీసుకున్న మొదటి మనిషి ఈరమ్మ. మా ఆయన ఆమెకు మార్తమ్మ అని పేరు పెట్టారు. గుడిలో ఆ పేరుతో పిలిస్తే పలికేది, గుడి మెట్లు దిగాక పలికేది కాదు. గొర్రెలు కాసుకునే కురుమల ఇల్లు వాళ్లది. ఆదివారం ఉదయం ఆమె గొంగడి భుజాన వేసుకుని వస్తే గుడి అంతా మంద వాసన పరుచుకునేది. కడుపుతో ఉన్న రోజుల్లో ఆ వాసనకు నాకు తిప్పేది. తర్వాత తర్వాత ఆ వాసన రాకపోతే ఆదివారం మొదలైనట్టే అనిపించేది కాదు.

మా ఆయనకు ఆ రోజుల్లో ఒకటే పట్టు. దేవుణ్ని ఆత్మతో, సత్యంతో ఆరాధించాలి తప్ప తంతులతో కాదు. ఏ వాక్యం ఎత్తుకున్నా సరే, నోవహు ఓడ నుంచి బయల్దేరినా, దావీదు గొర్రెల దొడ్డి నుంచి బయల్దేరినా, పదకొండున్నరకల్లా సమరయ బావి దగ్గరికి చేరేవారు. ఆ బావి గట్టు మీద ప్రభువు, తాను తాగడానికి నీళ్లడిగిన స్త్రీతో, దేవుణ్ని కొలవాల్సింది ఈ కొండ మీదా కాదు, యెరూషలేములోనూ కాదు అన్నాడని చెప్పేటప్పుడు చెయ్యి పైకెత్తేవారు. ఆ చెయ్యి ఎత్తగానే వెనక వరుసలో ఆడవాళ్లు పిల్లల్ని చంకనెత్తుకుని సిద్ధమయ్యేవారు, ఎందుకంటే ఇంకో పది నిమిషాల్లో అయిపోతుంది. ఈరమ్మ మాత్రం ప్రతిసారీ కొత్తగా విన్నట్టే వినేది. ఒకసారి బయటికొచ్చాక నన్ను అడిగింది, "గంత మాట్లాడిండు గదా, పాపం, గామె ఆయనకు నీళ్లు పోసిందా లేదా?" మా ఆయన్ని అడిగితే, వాక్యంలో రాయలేదన్నారు. ఈరమ్మ తల అడ్డంగా ఊపి, "గదే రాయాలె గదా ముందుగాల" అంది.

ఆయన తంతులు వద్దన్నకొద్దీ ఈరమ్మ వాటిని ఏదో ఒక దారిన లోపలికి తెచ్చేది. శనివారం సాయంత్రం గుడి ముందు అలికి ముగ్గు వేసేది. ముగ్గు వద్దంటే పై వారం శిలువ ఆకారంలో వేసింది, ఆయన ఏమనాలో తెలియక దాన్ని తొక్కకుండా గెంతి లోపలికి వచ్చారు. గుడి చుట్టూ మూడుసార్లు తిరిగి గానీ లోపల అడుగు పెట్టేది కాదు. అడిగితే, "చెప్పులిడుస్తందుకు జాగా చూస్తున్న అయ్యగారూ" అనేది. చదువు రాదు గానీ గ్రంథాన్ని పసుపు గుడ్డలో చుట్టి, ఈనిన గొర్రె పాలివ్వకపోతే దాని నడుము మీద పెట్టి తీసేది. ప్రభువు బల్ల రోజున ద్రాక్షరసం తాగాక తడి వేలు రెండు కళ్లకూ అద్దుకునేది. ఇవన్నీ చూసి ఆయన రాత్రి భోజనం దగ్గర నిట్టూర్చేవారు. నేను నవ్వేదాన్ని. నవ్వడానికి నాకు హక్కు ఉంది, ఎందుకంటే ఆయన తీసేసిన తంతులకు సరిసమానంగా కొత్తవి పెట్టేవారు. బొట్టు వద్దు, పూలు వద్దు, ఎర్ర రంగు చీర వద్దు, పండగ ఇంట్లో బూరె ముట్టొద్దు. దేవుడు లోపలి మనసు చూస్తాడని చెప్పి, పక్క వాక్యంలోనే పైటకొంగు తల మీద ఉందా లేదా అని చూసేవారు. నేనా మాట అంటే, అది వేరు ఇది వేరు అనేవారు. ఎలా వేరో చెప్పమంటే నిద్ర వచ్చేది ఆయనకు.

ఇక నా సంగతి. మేం మూడు తరాల క్రైస్తవులం, ఆత్మకూర్ దగ్గర. మా అవ్వ నాకు నేర్పిన మొదటి భక్తి, ప్రార్థనలో కళ్లు మూసుకోవడం. నేర్చుకోలేకపోయిన మొదటి భక్తి కూడా అదే. కళ్లు మూసుకుంటే దేవుడు కనిపిస్తాడనేది అవ్వ. నాకు చీకటి తప్ప ఏమీ కనిపించేది కాదు. తెరిస్తే మాత్రం చూసినంత వినోదం. ప్రార్థనలో పెద్దలు ముక్కు గోక్కోవడం, పాస్టరు గారు గడియారం చూసుకోవడం, మా మేనత్త పక్కావిడ చీర అంచు పట్టుకుని పరీక్షించడం. అవ్వ గిల్లేది. కళ్లు మూసుకునే గిల్లేది, ఎప్పుడూ గురి తప్పలేదు. పాస్టరమ్మనయ్యాక గిల్లేవాళ్లు లేక, కళ్లు తెరిచి ఉండే ఆ అలవాటు పూర్తిగా స్థిరపడిపోయింది. అందుకే ఆ పొట్టేలు రోజు జరిగింది జరిగినట్టు చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే అని ఇన్నేళ్లూ అనుకున్నాను.

పొట్టేలు దాకా రావాలంటే ముందు ఆ ఇద్దరి తగువు చెప్పాలి. లచ్చమ్మ, ఈరమ్మ అన్నదమ్ముల పెళ్లాలు. ముప్పై ఏళ్లు ఒకే వాకిలి, ఒకే మంద, ఒకే పొయ్యి. ఈరమ్మ భర్త చిన్న వయసులోనే పోతే, ఆమె పిల్లలకు తన పిల్లలతో పాటే లచ్చమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఈరమ్మ బాప్తిస్మం తీసుకున్నప్పుడు కూడా లచ్చమ్మ ఏమీ అనలేదు. "మా బీరప్పకు కోపం రాకుంట జూస్కో" అని మాత్రం అందట. మేం వచ్చిన మొదటి ఏడాది లచ్చమ్మ భర్త పోయాడు. పదకొండో రోజు దినాలకు ఈరమ్మ పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గరే ఉంది, బియ్యం కడిగింది, మసాలా నూరింది, అందరికీ వడ్డించింది. చివరికి ఇంటి ఆడవాళ్ల ముందు విస్తర్లు వేశాక మాత్రం లేచి నిలబడింది. చచ్చినవాళ్లకు పెట్టిన కూడు ముట్టొద్దని మా ఆయన అంతకు ముందు ఆదివారమే చెప్పారు. "మా అయ్యగారు ఒద్దన్నడక్కా" అంది. లచ్చమ్మ కొత్తగా బోసిపోయిన చేతులతో ఆ విస్తరి ముందు కూర్చుని, "నా పెనిమిటి ముద్ద నీకు అంటయ్యిందా ఈరీ" అని అందరి ముందూ అడిగింది. ఈరమ్మ అక్కడి నుంచి వచ్చేసింది. మర్నాటికి వాకిట్లో అడ్డంగా తుమ్మకంప పడింది. మంద రెండు ముక్కలైంది. వాటాలు పంచుకున్నప్పుడు ఒక నల్ల పొట్టేలు పిల్ల ఈరమ్మ వైపు వచ్చింది.

రెండేళ్లు వాళ్లు మాట్లాడుకోలేదు. ఈరమ్మ ఎవరితోనూ ఏడవలేదు గానీ తిండి తగ్గిపోయింది. సాయంత్రం మంద తోలుకొచ్చాక కంప ఇవతల కూర్చుని, అవతల లచ్చమ్మ దగ్గితే ఎన్నిసార్లు దగ్గిందో నాకు వచ్చి చెప్పేది. "పోయి మాట్లాడొచ్చు కదా" అంటే, "ఏ మొకం పెట్టుకోని పోవాలె బిడ్డా. ఊకెనే పోతే ఊకెనే వచ్చిందంటది" అనేది. నేనీ మాట మా ఆయనతో అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. సరైన మాటే చెప్పాను కదా అన్నారు, నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు. అప్పుడు ఆయన మీద నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

ఆ ఏడు వానల్లో గొర్రెలకు గాలికుంటు రోగం తగిలింది. మంద నిలబడితే నల్ల పొట్టేలును ప్రభువుకు ఇస్తానని ఈరమ్మ మొక్కుకుంది. మంద నిలబడింది. పెసర్లు ఇంటికొచ్చాక మా గుడిలో కోత పండుగ పెట్టుకునేవాళ్లం. జనం సొరకాయలు, కోళ్లు, జొన్న కంకులు తెచ్చి బల్ల ముందు పెట్టేవారు. పొట్టేలును బయట వేపచెట్టుకు కట్టేయమని మా ఆయన ముందుగానే చెప్పారు. కృతజ్ఞతగా తీసుకుంటాం, ఆరాధన అయ్యాక వండుకుని అందరం తింటాం, అంతే, తంతేమీ లేదన్నారు. ఈరమ్మ అలాగేనంది. ఆమె అలాగేనంటే భయపడాలని అప్పటికే నాకు తెలుసు.

ఆయన సమరయ బావి దగ్గరికి చేరి చెయ్యి ఎత్తబోతుండగా తలుపు దగ్గర గిట్టల చప్పుడైంది. ఈరమ్మ తాడు పట్టుకుని పొట్టేలును నడిగుడిలోకి తీసుకొచ్చింది. రెండో చేతిలో చెంబు.

"గిదేంది ఈరమ్మా, లోపటికి తెచ్చినవ్?" అన్నాడు సంఘ పెద్ద యోసేపు.

"బయట ఇస్తే బయటోళ్లకు ఇచ్చినట్టయితది" అని ఆమె చెంబెడు నీళ్లు పొట్టేలు తల మీద నుంచి తోక దాకా ధారగా పోసి, తాడు పట్టుకునే పక్కకు జరిగి నిలబడింది. ఇది మా వైపు అందరికీ తెలిసిన పద్ధతి. దేవతకు ఇచ్చే జీవం మీద నీళ్లు పోస్తారు. అది ఒళ్లు దులుపుకుంటే దేవత తీసుకున్నట్టు. దులుపుకోకపోతే ఇంట్లో ఏదో తప్పు జరిగిందని, ఎవరో అలిగి ఉన్నారని అర్థం. బాప్తిస్మాలు తీసుకుని ఏళ్లయిన మా వాళ్లు కూడా, నీళ్లు పడగానే పాటల పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని మెడలు చాచి చూడటం మొదలుపెట్టారు.

పొట్టేలు దులుపుకోలేదు. నీళ్లు కారుతూ అలాగే నిలబడి బల్ల ముందున్న జొన్న కంకుల వైపు చూస్తోంది. మా ఆయన వేదిక దిగి వచ్చి, "ఈరమ్మా, దేవుడు పొట్టేళ్లను అడుగుతలేడు. మనసును అడుగుతడు" అన్నారు. "మనసు కాడనే ఉన్నది లొల్లి అయ్యగారూ. జర ఆగు" అంది. ఆగాం. ఎవరో నల్లా నీళ్లకు మందు వాసన వస్తుంది, బావి నీళ్లు తెమ్మన్నారు. తెచ్చి పోశారు. యోసేపు, చెవిలో కొంచెం పోస్తే అదే దులుపుకుంటుందని మెల్లగా సలహా ఇచ్చాడు. ఈరమ్మ అతని వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "చెవుల పోస్తే కుక్క సుత దులుపుకుంటది యోసేపూ. గది దేవుడు తీసుకున్నట్టా, నువ్వు తీసుకున్నట్టా?" అంది. అతనికి ఆ రోజు కూర మీద మనసుందని అందరికీ తెలుసు కాబట్టి నవ్వులు లేచాయి. మా ఆయన నవ్వలేదు. తన ఆత్మ సత్యాల గుడి మధ్యలో బురద మడుగు కడుతుంటే ఏం చేయాలో తోచక, పాస్టర్లందరూ తోచనప్పుడు చేసే పనే చేశారు. కళ్లు మూసుకుని ప్రార్థన చేద్దామన్నారు.

మా గుడిలో ప్రార్థనంటే అందరూ ఒక్కసారే గొంతెత్తుతారు. రేకుల కప్పు అదిరిపోయేది. అందరూ కళ్లు మూశారు, నేను తప్ప. ఈరమ్మ కూడా ముఖం పైకెత్తి, నుదురు ముడతలు పడేలా గట్టిగా కళ్లు మూసింది. అప్పుడు పొట్టేలు తల దించింది. చెవులు కొట్టుకున్నాయి, మెడ నుంచి వెనక కాళ్ల దాకా ఒళ్లంతా ఒక్క ఊపు ఊగింది. నీళ్లు చింది నా చెంప మీద పడ్డాయి. ఆ గోలలో ఎవరికీ వినిపించలేదు. దులుపుకుని, ఏమీ ఎరగనట్టు మళ్లీ కంకుల వైపు చూస్తూ నిలబడింది.

ఆమెన్ అన్నాక అందరూ కళ్లు తెరిచారు. "దులుపుకున్నదా?" అని యోసేపు ఆశగా అడిగాడు. ఈరమ్మ, "లేదు" అంది.

నేను చెప్పాలి. నోటిదాకా వచ్చింది. చెబితే ముందు, పాస్టరమ్మ ప్రార్థనలో కళ్లు మూసుకోలేదని ఊరంతా తెలుస్తుంది. అది ఒక కారణం, దాచను. రెండోది, ఈరమ్మ అప్పటికే మాట్లాడటం మొదలుపెట్టింది, రెండేళ్లుగా ఆమె గొంతులో నేను వినని గట్టితనంతో. "మా అక్క ఉసురు తాకింది అయ్యగారూ. దేవుడు తీసుకుంటలేడు. పోయిన నెల బల్ల కాడ నువ్వే చదివినవ్ గదా. నీ మీద తోడబుట్టినోళ్లకు కోపమున్నదని యాదికొస్తే, ఇచ్చేది ఆడనే ఇడిసిపెట్టి, ముందుగాల పోయి కలుసుకోని రా అని. చదివినవా లేదా?" ఆయన చదివానన్నారు. "మరి పోదాం పా. నువ్వొద్దంటెనే నేను విస్తరి ముంగట నుంచి లేచిన. నువ్వు సుత రావాలె." ఆయన ఎక్కడ అది వేరు ఇది వేరు అంటారోనని నాకు భయం. ఆయన నేల చూసి, పొట్టేలును చూసి, "పోదాం" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయనంటే నాకు కలిగిన ప్రేమ, పెళ్లినాటి నుంచి అప్పటిదాకా కలిగినదంతా కలిపినా అంత లేదు. అయితే, అర్పణను అక్కడే విడిచిపెట్టాలని వాక్యంలో ఉందని ఆయన పొట్టేలు వైపు చూపిస్తే, "ఈడ ఇడిసిపెడితే మనం తిరిగొచ్చేటాళ్లకు యోసేపు కోసి పెడతడు" అని ఈరమ్మ తాడు వదల్లేదు.

ముందు పొట్టేలు, వెనక ఈరమ్మ, ఆ వెనక మా ఆయన, వెనక సంఘమంతా. గుడి బయట విడిచిన చెప్పులు వేసుకోవడానికి కూడా ఎవరూ ఆగలేదు. వాకిట్లో తుమ్మకంప అడ్డం వస్తే ఆయనే తీయబోయి, తెల్ల ప్యాంటు పట్టుకుని గెంతులు వేశారు. అరికాల్లో ముల్లు విరిగింది. ఆ చప్పుడుకు లచ్చమ్మ బయటికొచ్చింది. ఆ రోజు పెత్రమాస, పోయినవాళ్లకు పెట్టుకునే అమావాస్య. లోపల భర్త ఫొటోకు బంతిపూల దండ, దాని ముందు విస్తట్లో అన్నం, కూర, గారెలు కనిపిస్తున్నాయి. ఆమె మనుషుల్ని చూడలేదు. పొట్టేలును చూసింది. దగ్గరికొచ్చి దాని వీపు మీద చెయ్యి పెట్టి, బొచ్చులో వేళ్లు పోనిచ్చి, చాలాసేపు అలాగే నిలబడింది.

"దులుపుకున్నదా?" అంది.

"లేదక్కా. నీ కాడికి తోలుకపొమ్మన్నట్టున్నది" అంది ఈరమ్మ.

లచ్చమ్మ తన మెడ దారానికున్న పిన్నీసు తీసి, ముందు మా ఆయన్ని అరుగు మీద కూర్చోమని, ఆయన కాలు ఒళ్లో పెట్టుకుని ముల్లు తీసింది. తీసి ఆయనకే చూపించి, "గింత దానికి గంత ఎగిరినవా సారూ" అంది. ఈరమ్మతో, "కాళ్లు కడుక్కోని లోపటికి రా, అన్నం సల్లారుతాంది" అంది. ఈరమ్మ లోపలికి పోయి విస్తరి ముందు కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోకముందే ఏడ్చింది. లచ్చమ్మ తిట్టుకుంటూ ఏడ్చింది. మా ఆయన ముందు కూడా విస్తరి పడింది. ఆ అన్నం ఎవరికి పెట్టి తెచ్చిందో మాకందరికీ కనిపిస్తూనే ఉంది. ఆయన నా వైపు చూశారు. ముందు పెట్టింది ఏమీ విచారించకుండా తినమని కూడా వాక్యంలో ఉందని నేను గొంతు తగ్గించి గుర్తు చేశాను. విచారించలేదాయన. గారెలు రెండోసారి కూడా అడిగి వేయించుకున్నారు. పొట్టేలును మాత్రం ఎవరూ కోయలేదు. అది నా మందలోదే అని లచ్చమ్మ గుంజకు కట్టేసుకుంది. యోసేపు చాలా నెలలు ఆ బాధతో ఉన్నాడు.

ఆ తర్వాత నాలుగేళ్లకు మేం నల్లగొండ వచ్చేశాం. సంఘం పెరిగింది, కప్పు రేకుల నుంచి స్లాబుకు మారింది. మా ఆయన మంచి మనిషే, ఇప్పటికీ. కానీ ముగ్గు వద్దన్న మనిషి పేరుతో ఇప్పుడు సీసాల్లో నూనె ఇస్తున్నారు. చేతిరుమాళ్ల మీద ప్రార్థన చేసి పంపుతున్నారు. తెల్ల కోటు ఇస్త్రీ కాకపోతే ఆరాధన మొదలు కాదు. నేను ఎత్తిపొడిస్తే, జనం అడుగుతున్నారు ఏం చేయమంటావంటారు. సమరయ బావి దగ్గరికి పోయి చాలా కాలమైంది. ప్రార్థనలో నేను ఇప్పటికీ కళ్లు తెరిచే ఉంటాను. ఇప్పుడు కనిపించేవి ఎత్తిన చేతులు, ఆ చేతుల్లో ఫోన్లు. అన్ని వందల మందిలో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో నాకు తెలియదు, తెలుసుకునే వీలూ లేదు. ఆ రేకుల గుడిలో ఎవరింట్లో ఎవరు అలిగారో ఒక గొర్రె చెప్పగలిగేది. నాకు ఆ గుడి మీద బెంగగా ఉంది. అనడానికి సిగ్గెందుకు.

పోయిన నెల ఆ మధ్యాహ్నం లచ్చమ్మకు చాయ్ ఇచ్చి నేనూ నేల మీదే కూర్చున్నాను. ఈరమ్మ సమాధి మీద నువ్వుల అన్నం పెడితే సారు లొల్లి చేస్తాడా అని ఆమె అడిగింది. ఆయన్ని అడగకుండా పెట్టెయ్యమన్నాను. నవ్వింది. ఆ నవ్వు చూసి, ఇన్నేళ్లుగా లోపల దాచుకున్నది ఇక దాచడం నా వల్ల కాలేదు. "లచ్చమ్మా, నీకొకటి చెప్పాలి. ఆ రోజు పొట్టేలు దులుపుకుంది. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు దులుపుకుంది. నేను చూశాను, చెప్పలేదు" అన్నాను.

ఆమె చాయ్ ఊదుకుంటూ, "ఎరుకే" అంది.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"బొచ్చు మీద నీళ్లు పోస్తే పండుకోనుంటది. దులుపుకుంటే పోగులు పోగులు లేస్తది. చెయ్యి పెట్టంగనే నాకెరుకైంది. తాడు ఈరి చేతిల ఉండె. పుట్టినకాడి నుంచి గొర్ల కాడ ఉన్నది, తాడు గుంజితే ఈరికి ఎరుక కాదా?"

"అంటే అబద్ధమని తెలిసే రానిచ్చావా?"

లచ్చమ్మ గ్లాసు కింద పెట్టింది. "దేవుడు పొమ్మంటే వచ్చినట్టయితే, గా దేవుని కాడికే తిరిగి పొమ్మందును. గది నా కోసం దేవుని ముంగట నిలవడి అబద్ధమాడి వచ్చింది బిడ్డా. గట్ల వచ్చినదాన్ని వాకిట్ల ఎట్ల నిలవెట్టాలె?"